గంటకొక డిగ్రీ

అరికాళ్ళు రుద్దొద్దని గీతలాయన చెప్పడం అది రెండోసారి.

అక్క చేతులు వెనక్కి తీసుకుంది. తీసుకుందే గానీ అవి ఊరుకోలేదు. ఫ్యాక్టరీలో వేసుకున్న ఏప్రన్ ఇంకా ఒంటిమీదే ఉంది. దాని అంచు పట్టుకుని మెలిపెట్టసాగాయి. ఎదురుగా మంచం మీద తమ్ముడి పాదాలు మైనంతో పోతపోసినట్టు తెల్లగా ఉన్నాయి. గోళ్ళు మాత్రం నీలం. అతని చొక్కా కత్తిరించి కింద బకెట్‌లో పడేశారు. మడతల్లో గడ్డకట్టిన నీళ్ళు కరుగుతున్న కొద్దీ ఆ చొక్కా మెల్లగా ఒరిగి, బకెట్ అంచు మీదికి వాలిపోతోంది.

"కదిపితే గీత చెడిపోతుందమ్మా. రెండు నిమిషాలు ఓపిక పట్టు," అన్నాడు గీతలాయన, తమ్ముడి ఛాతీ మీద రబ్బరు బుడిపెలు ఒక్కొక్కటే అంటిస్తూ. ఆ ఆసుపత్రిలో గుండె గీతలు తీసే మనిషి ఆయన. జుట్టంతా నెరిసింది. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ గీతలాయనే. అసలు పేరు అడిగితే ఆయనే ఒక క్షణం ఆలోచించుకునేలా ఉంటాడు.

డాక్టరమ్మ తమ్ముడి మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించి గోడ గడియారం చూస్తోంది. చిన్నపిల్ల. తమ్ముడి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిచేసి రెండో చుట్టు సగానికి వచ్చింది. గదిలో అందరూ ఆ రెండు వేళ్ళ వైపే చూస్తున్నారు.

"ఉంది," అంది చివరికి. "నిమిషానికి ఇరవై ఎనిమిది. ఉందా లేదా అన్నట్టుంది గానీ, ఉంది."

అక్క మంచం కమ్మీ పట్టుకుంది.

గీతలాయన మీట నొక్కాడు. యంత్రం గళ్ళ కాగితాన్ని మెల్లగా బయటికి తోసింది. కాగితం పైన వరసగా అచ్చుపడిన అక్షరాలను డాక్టరమ్మ చదివింది. మళ్ళీ చదివింది.

"గుండెపోటు అంటోంది మెషీను."

"నేను చెప్పలా డాక్టరుగారూ!" గుమ్మం దగ్గర్నుంచి సూపర్‌వైజరు ఒక అడుగు లోపలికి వేశాడు. తమ్ముణ్ణి లారీలో వేసుకుని తెచ్చింది అతనే. దారంతా కుర్రాడి తల ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు. ఆ మాట అబద్ధం కాదు. "పొద్దుట్నుంచీ ఛాతీ పట్టుకునే ఉన్నాడు. ఇంటికి పోరా అంటే విన్లేదు. కోల్డ్ రూములో అడుగుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు, ధబీమని పడ్డాడు. పడ్డవాణ్ణి పడ్డట్టే ఎత్తుకొచ్చాం."

"ఇరవై ఏళ్ళకే గుండెపోటా?"

"ఈ రోజుల్లో వయసెవడు చూస్తున్నాడమ్మా."

డాక్టరమ్మ నర్సు వైపు తిరిగి గడ్డను కరిగించే ఇంజెక్షన్ తీయమంది. నర్సు అల్మరా తాళం తీసింది. గీతలాయన మాత్రం కాగితం వదల్లేదు. దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాడు.

"అమ్మా, చదవడం నా పని కాదు. తీసి ఇవ్వడం వరకే నా పని," అన్నాడు. "కానీ ఒక్కసారి ఇటు చూడండి. ఇదిగో, నిటారుగా లేచిన గీత. అది దిగీ దిగగానే పక్కన ఈ మూపురం చూశారా? ప్రతి దెబ్బకీ ఉంది. మెషీను దీన్ని చూసే గుండెపోటనుకుంటోంది. చల్లబడ్డ గుండె ఇలాగే గీస్తుంది."

"మీరెక్కడ చూశారు?"

"మంచు పడే చోట పదేళ్ళు చేశాను. ఇద్దరివి తీశాను. అందులో ఒకాయనకి పోటే అనుకుని ఆ ఇంజెక్షనే ఇచ్చారు. తలలో రక్తం కారింది."

నర్సు చేతిలో చిన్న సీసా ఉంది. మూత ఇంకా తీయలేదు. డాక్టరమ్మ థర్మామీటరు తీసి తమ్ముడి చంకలో పెట్టింది. అది కూసింది గానీ అంకె రాలేదు. తన లెక్కకు అందనంత తక్కువ అని మాత్రం చెప్పి ఊరుకుంది.

"ఇది పైపై చల్లదనం కూడా కావచ్చు. ఫ్రీజర్‌లోంచి వచ్చాడుగా. లోపల ఎంతుందో చూసే తీగ ఆపరేషన్ గదిలో ఉంది, అక్కడ కేసు నడుస్తోంది. పావుగంట పడుతుంది." ఆమె తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు వేగంగా అంటోంది. "గుండెపోటే అయితే పావుగంట చాలా ఎక్కువ. అయిదు నిమిషాల్లో గుండె చల్లబడదు గీతలాయనా. గంటలు పడుతుంది." తల ఎత్తి అందరినీ చూసింది. "ఈ అబ్బాయి లోపలికి ఎప్పుడు వెళ్ళాడో ఎవరైనా చూశారా?"

అక్క నేల వైపు చూసింది.

బఠాణీలు గడ్డకట్టించి బస్తాలకెత్తే ఆ ఫ్యాక్టరీలో కోల్డ్ రూము తలుపుకు ఒక పద్ధతి ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళు గడప దగ్గర ఒక ఖాళీ ట్రే బోర్లించి వెళ్తారు. ట్రే ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. దాన్ని ఎవరూ కదపరు. ట్రే లేకుండా తలుపు తెరిచి ఉందంటే ఎవరో మరిచిపోయినట్టు. దాన్ని వెంటనే మూసెయ్యాలి. చలి బయటికి పోతే బఠాణీ గింజలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, సూపర్‌వైజరు అరుస్తాడు.

భోజనాల గంట ఒంటిగంటకు కొడతారు, మళ్ళీ పనిగంట ఒకటిన్నరకు. ఆ పనిగంటకు కొంచెం ముందు అక్క రెండు ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాన్ని గడ్డంతో అదిమి పట్టుకుని బెల్టు దగ్గరికి పోతోంది. కోల్డ్ రూము తలుపు జానెడు తెరిచి ఉంది. గడప దగ్గర ట్రే లేదు. ఆగకుండానే తుంటితో ఒక్క తోపు తోసింది. రబ్బరు అంచు తప్పుమని అతుక్కుంది. మోచేత్తో లైటు మీట కూడా కిందికి నొక్కింది, లోపల దీపం దండగని. ఆ తోపులో ఒక అందం ఉంటుందనీ, చేతులు ఖాళీ లేనప్పుడు తుంటితో తలుపు వెయ్యడం తనకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదనీ బెల్టు దగ్గర ఆడవాళ్ళు నవ్వుతారు. ఆ వేళ కూడా ఎవరో నవ్వారు.

తమ్ముడు వెనక క్రేట్లు కడుగుతున్నాడనే అనుకుంది. లారీ వాళ్ళు సరుకు కోసం వచ్చి తలుపు తీసింది నాలుగున్నరకు.

"ఎవరికీ తెలీదా?" డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. చెయ్యి నర్సు వైపు చాచింది.

"అయిదు నిమిషాలు కాదు," అంది అక్క. "మూడు గంటలు."

"నీకేం తెలుసమ్మా?" సూపర్‌వైజరు తల తిప్పాడు. "నువ్వు బెల్టు దగ్గర ఉన్నావు."

"ఒకటిన్నర లోపే తలుపు పడింది. తడి చొక్కాతో ఉన్నాడు, పొద్దున క్రేట్లు కడిగాడు. మధ్యలో ఎవరూ తియ్యలేదు. ఛాతీ పట్టుకోవడం నేను చూళ్ళేదు, పొద్దున నాతో పాటే తిన్నాడు, నన్ను ఏడిపించాడు కూడా."

"తలుపు పడిందని మీకెలా తెలుసు?" డాక్టరమ్మ చెయ్యి అలాగే గాలిలో ఉంది.

"నేనే వేశాను."

డాక్టరమ్మ చాచిన చెయ్యి దించింది. నర్సు సీసా తిరిగి అల్మరాలో పెట్టింది. ఇరవై నిమిషాల తర్వాత ఆపరేషన్ గది నుంచి తీగ వచ్చింది. దాని చివర చిన్న తెరమీద అంకె మెల్లగా దిగి ఒకచోట ఆగింది. ఇరవై ఆరు పాయింట్ నాలుగు. ఆ అంకె చూసి గీతలాయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు.

*

"నిన్నెవరైనా అడిగారా?" వరండాలో బల్ల మీద పక్కన కూర్చుంటూ సూపర్‌వైజరు గొంతు తగ్గించి అన్నాడు. "డాక్టర్లు చూసుకుంటారు కదా. నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు."

అక్క అద్దం తలుపులోంచి లోపలికి చూస్తోంది. తమ్ముడి ఛాతీకీ పొట్టకీ దుప్పట్లు కప్పారు. చేతులూ కాళ్ళూ మాత్రం బయటే వదిలేశారు. వేడినీళ్ళ గిన్నెలో సెలైన్ సీసాలు మునిగి ఉన్నాయి. నర్సు ఒక్కొక్కటి తీసి మోచేతి లోపలివైపు ఆనించి చూసుకుంటోంది, పసిపిల్లల పాలసీసాను చూసినట్టు.

కాళ్ళకు కూడా కప్పమని అక్క రెండుసార్లు వెళ్ళి అడిగింది. రెండోసారి డాక్టరమ్మ ఆమెను పక్కకు తీసుకెళ్ళింది.

"చూడండి. ముందు ఒంటి మధ్యభాగం వెచ్చబడాలి. కాళ్ళకి వేడి పెడితే అక్కడ నిలిచిపోయిన చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకి పరిగెడుతుంది. ఇప్పుడు గుండె గుడ్డు పెంకులా ఉంది. గుండె కొట్టుకోవాలంటే లోపల కరెంటు నడవాలి. చలికి ఆ కరెంటు నత్తనడక నడుస్తోంది. గంటకో డిగ్రీ పెరిగితే చాలు. తొందరపెడితే దారి తప్పుతుంది."

"దారి తప్పితే?"

"తప్పకుండా చూద్దాం."

ఏడు గంటల వేళ మంచాన్ని పక్కనున్న పెద్ద గదికి మార్చారు. నలుగురు నాలుగు మూలలా పట్టుకుని, పెళ్ళిలో కావిడి మోసినంత జాగ్రత్తగా తోశారు. గడప దగ్గర వెనక చక్రం ఒకటి అడ్డం తిరిగింది. మంచం ఎగరలేదు, చిన్నగా తుళ్ళింది, అంతే. తెరమీద నెమ్మదిగా లేస్తూ దిగుతున్న గీత ఒక్కసారిగా చిందరవందరైంది. ఏటి ఒడ్డున పురుగుల్ని తొక్కితే పారిపోయినట్టు అడ్డదిడ్డంగా పాకింది.

"ఆగండి! తోయొద్దు!" డాక్టరమ్మ మంచం మీదికి ఎక్కేసింది. చెప్పులతోనే. రెండు అరచేతులూ తమ్ముడి ఛాతీ మధ్య పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. ఇందాకటిదాకా కదపొద్దన్న మనిషిని ఇప్పుడు మంచమంతా ఊగేలా నొక్కుతుంటే అక్క ఆ గది అద్దం గోడ దాకా వెనక్కి జరిగింది.

కరెంటు షాక్ ఒకటి ఇచ్చారు. తమ్ముడి ఒళ్ళు లేచి పడింది. గీత కుదురుకోలేదు.

"ఇప్పుడు వినదు. ఇరవై ఏడే ఉంది," అంది డాక్టరమ్మ ఆయాసపడుతూ. "వెచ్చబడేదాకా నొక్కాల్సిందే. పొట్టలోకి గొట్టం వేసి గోరువెచ్చటి నీళ్ళు పంపండి. రెండు నిమిషాలకొకరు మారండి."

మారారు. డాక్టరమ్మ, నర్సు, లిఫ్టు నడిపే మనిషి, మళ్ళీ డాక్టరమ్మ. పదో నిమిషం దాటాక గీతలాయన చొక్కా చేతులు మడిచి వరసలో నిలబడ్డాడు. ఇరవై నిమిషాలయ్యాక నర్సు గడియారం చూసి, గొంతు తగ్గించి, "టైము రాయమంటారా డాక్టర్?" అంది.

"ఏం టైము?"

నర్సు అప్పటికే కేసు షీటు తెరిచి పట్టుకుంది.

"చల్లగా ఉన్నవాణ్ణి పోయాడని ఎవరూ రాయొద్దు. వెచ్చబడ్డాక పోతే అప్పుడు రాద్దాం."

అక్క అద్దానికి నుదురు ఆనించింది. ఇంట్లో గేదె ఈనుతున్నప్పుడు కూడా దూరంగా నిలబడి చూడలేని మనిషి తను. ఏ పనిలోనైనా రెండు చేతులూ పెట్టాల్సిందే. ఇప్పుడు నలుగురు వంతులవారీగా తన తమ్ముడి గుండె పని చేస్తుంటే, ఆ గుండెను ఆపినది తనే అయ్యుండి, ముట్టుకోవడానికి కూడా పనికిరాకుండా నిలబడింది. లెక్కపెట్టడం ఒక్కటే చేతనైంది. ఒకటి నుంచి ముప్ఫై దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి. లోపల వాళ్ళు ముప్ఫైకి ఒకసారి ఆగుతున్నారు.

ఇరవై ఎనిమిది దాటాక ఇంకో షాక్ ఇచ్చారు. నలభై నిమిషాలు అయింది అప్పటికి. తెరమీద గీత కాసేపు చదునుగా సాగింది. అక్క లెక్క ఆగిపోయింది. తర్వాత ఒకటి లేచింది. చాలాసేపటికి, మరిచిపోయిన మాట గుర్తొచ్చినట్టు, ఇంకొకటి.

గీతలాయన బయటికి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. "నా జన్మలో గీత తీశానే గానీ, చేత్తో గీయడం ఇదే మొదలు," అన్నాడు.

*

మర్నాడు పొద్దున అక్క కేక వేసింది. "డాక్టరమ్మా! వణికిపోతున్నాడు! పళ్ళు కొరుకుతున్నాడు!"

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి చూసింది. ముప్ఫై రెండు పాయింట్ ఒకటి. గోడకు ఆనుకుని, రాత్రంతా నిద్రలేని కళ్ళు మూసుకుని నవ్వింది.

"వణకనివ్వండి. నిన్న వణకడానికి కూడా ఓపిక లేదు ఒంట్లో. ఇప్పుడు తన వేడి తనే పుట్టించుకుంటున్నాడు."

గీతలాయన మళ్ళీ గీత తీశాడు. వణుకుకి కాగితమంతా రంపం పళ్ళలా వచ్చింది. మధ్యాహ్నం వణుకు తగ్గాక ఇంకోటి తీశాడు. కేసు షీటు మీద వరసగా అంటించి ఉన్నాయి గళ్ళ కాగితాలు. ఆయన వేలితో అక్కకు చూపించాడు. మొదటిదాంట్లో మూపురం బొటనవేలి గోరంత. రాత్రిదాంట్లో సగం. ఇప్పటిదాంట్లో వెతికితే గానీ దొరకదు.

"రేపటికి అసలుండదు. ఎవరి గీత పక్కన పెట్టినా తేడా తెలీదు."

"అంటే నయమైనట్టేగా బాబాయ్?"

"నయమైనట్టే." ఆయన కాగితం కొస సరిచేశాడు. "ఒకటే చిక్కు. చలి చేసిన పని, చలితోనే పోతుంది. రేపు ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి ఆ మొదటి కాగితం ఒక్కటే ఉంటుంది. దాని నెత్తిన గుండెపోటని అచ్చేసి ఉంది. డాక్టరమ్మ కింద చేత్తో వేరే రాసిందనుకో. కాదనేవాళ్ళు అచ్చునే చదువుతారు."

సాయంత్రం రేడియో వచ్చింది. బెల్టు దగ్గర అక్కకు ఎదురుగా నిలబడే మనిషి. నోరు మూతపడదని ఆ పేరు పెట్టారు. వచ్చీ రాగానే తమ్ముణ్ణి చూసి కళ్ళొత్తుకుని, "ఒరేయ్ నాయనా, చచ్చి బతికావురా, ఇక నీకు నూరేళ్ళు," అని అతనికి వినపడకపోయినా చెప్పి, వరండాలోకి వచ్చి అక్క పక్కన చతికిలబడింది.

"ఫ్యాక్టరీలో ఒకటే హడావిడి. పొద్దున పనిలోకి వెళ్ళేసరికి కోల్డ్ రూము తలుపుకి లోపల కొత్త పిడి. ఎర్రగా, పెళ్ళికూతురి బొట్టులా మెరిసిపోతోంది. నొక్కితే నెయ్యి రాసినట్టు తెరుచుకుంటోంది. పాతది ఏదని అడిగితే పాతదేంటి, ఎప్పుడూ ఇదే కదా అంటాడు మెకానిక్కు!" రేడియో గొంతు తగ్గించింది. అది ఆమెకు అలవాటు లేని పని. "ఏమే, నువ్వే వేశానని చెప్పావట?"

"నేనే వేశాను కదా."

"ట్రే లేదుగా?"

"లేదు."

"మరి నీ తప్పెలా అవుతుంది? ట్రే లేకపోతే ఎవరైనా వేస్తారు. నేనైనా వేసేదాన్నే."

అక్క అరచేతులు చూసుకుంది. ట్రే ఎందుకు లేదన్నదే రాత్రంతా ఆలోచిస్తోంది. ట్రే పెట్టకుండా లోపలికి వెళ్ళొద్దని మొదటిరోజే చెప్పింది వాడికి. రెండు నెలల కిందట చేయి పట్టుకుని తీసుకెళ్ళి పనిలో చేర్పించింది తనే. గంటకు ముందే వెళ్ళమంది, సూపర్‌వైజరుకు ఎదురు చెప్పొద్దంది, చేతిగుడ్డ మరవొద్దంది. ఒక్కటీ వదలకుండా చెప్పానని అప్పుడు అనుకుంది.

*

నాలుగోరోజు తమ్ముడు మాట్లాడాడు. అంతకుముందు రోజు కళ్ళు తెరిచాడు గానీ, గొంతులో ఊపిరి గొట్టం ఉండి చూడడం వరకే. గొట్టం తీశాక గొంతు బొంగురుగా, ముసలివాడిలా వచ్చింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. అవి ఉంటాయో ఊడతాయో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ.

అక్క చెంచాతో నీళ్ళు పట్టింది. రెండు చెంచాలు మింగాడు. మూడోది గడ్డం మీదికి కారింది. తుడిచింది.

"నేనేరా తలుపు వేసింది," అంది. నాలుగు రోజులుగా ఇంతకంటే ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"తెలుసు."

చెంచా గిన్నెలో ఆగింది.

"చూశాను. తలుపు సందులోంచి నీ మోచెయ్యి కనపడింది."

"మరి అరవలేదేంరా? ఒక్క కేక వేస్తే—"

తమ్ముడు పైకప్పు వైపు చూశాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

"క్రేట్లు కడిగేసరికి ఒళ్ళు మండిపోతోంది అక్కా. రేకుల కింద ఉడికిపోయాను. ఒక్క రెండు నిమిషాలు చల్లగా కూచుందామని దూరాను. ఊరికే లోపల కూచుంటే నువ్వు ఊరుకుంటావా? ట్రే పెడితే వచ్చి చూస్తావు. అందుకే పెట్టలేదు. నువ్వు వచ్చావు. బస్తాల వెనక నక్కాను. నువ్వు తిడతావని ఊరుకున్నా."

అక్క గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు పోయాక మెల్లగా వద్దామనుకున్నా. లోపల ఎర్ర పిడి ఉంది కదా, నొక్కితే వస్తుంది కదా అని. చీకట్లో వెతుక్కుని నొక్కాను. రాలేదు. ఎంత నొక్కినా రాలేదు. చేత్తో గుద్దాను. ఫ్యాను మోతకి ఎవరికీ వినపడలేదు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అది అట్లా ఎందుకయింది అక్కా? ఆ రోజే పాడయిందా?"

ఆ పిడి పాడై ఆరు నెలలు దాటింది. లోపలి ఇనుప కడ్డీ మంచు పట్టి వంగిపోయింది. బెల్టు దగ్గర పన్నెండుమందికీ తెలుసు, లోడింగ్ వాళ్ళకు తెలుసు, మెకానిక్కుకు తెలుసు. అది పాడైనందుకే ట్రే పద్ధతి పుట్టింది. అంతకుముందు గడప దగ్గర ట్రే బోర్లించే అవసరం ఎవరికీ లేదు. తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు పిడి మాట ఎత్తొద్దని సూపర్‌వైజరు చెప్పాడు. ఎత్తలేదు. అలా ఎత్తకుండా ఎత్తకుండా అది ఎవరికీ ఎవరూ చెప్పని సంగతి అయింది. కొత్తగా వచ్చినవాడికి ట్రే పెట్టమని చెప్పింది తను. ఎందుకు పెట్టాలో చెప్పలేదు. చెప్పకూడదని కాదు. చెప్పాలని తోచలేదు.

"అక్కా?"

"నీళ్ళు తాగు," అంది అక్క. చెంచా ఎత్తింది. ఎత్తిన చెయ్యి దారిలోనే దిగిపోయింది.

*

పదకొండు గంటలకు సూపర్‌వైజరు వచ్చాడు. వెంట రేడియో కూడా ఉంది, పని బట్టల్లోనే. ఎందుకు రమ్మన్నారో ఆమెకు చెప్పినట్టు లేదు; అక్కను చూసి కనుబొమలు ఎగరేసింది. డాక్టరమ్మ ఆ వేళకు మంచం పక్కన నిలబడి కేసు షీటు రాస్తోంది. తమ్ముడు నిద్రపోతున్నాడు.

"కుర్రాడు బాగున్నాడు, అదే పదివేలు," అన్నాడు సూపర్‌వైజరు. నిజంగానే అన్నాడు. జేబులోంచి మడత కాగితం తీసి మంచం మీద పరిచాడు. "పై వాళ్ళు జరిగింది రాసివ్వమన్నారమ్మా. నువ్వు చెప్పిన మాటే రాశాను, ఒక్క అక్షరం కలపలేదు. గుండెపోటు మాట కూడా తీసేశాను. నువ్వు సంతకం పెట్టు, ఈమె సాక్షి సంతకం పెడుతుంది. దీంతో ముగిసిపోతుంది. కావాలని చెయ్యలేదు కాబట్టి నీ పని నీకుంటుంది. వాడికీ చూద్దాం."

అక్క చదివింది. లోపల మనిషి ఉన్నదీ లేనిదీ చూసుకోకుండా తొందరపాటున నేనే తలుపు వేశాను, జరిగినదానికి నాదే బాధ్యత. రెండు వాక్యాలు. దిగువన సగం కాగితం ఖాళీగా ఉంది.

"తప్పుందా అందులో?"

"లేదు సార్. వేసింది నేనే."

"మరింకేం?" అని పెన్ను మూత తీసి ఇచ్చాడు.

అక్క పెన్ను తీసుకుంది. కాగితం మెత్తటి పరుపు మీద గుంట పడుతోంది. డాక్టరమ్మ చూసి, తన కేసు షీటు కింది అట్ట తీసి ఇచ్చింది. అక్క దాన్ని మోకాలి మీద పెట్టుకుని, సంతకం చేయాల్సిన చోట వదిలేసి, ఆ రెండు వాక్యాల కిందే రాయడం మొదలుపెట్టింది. గుండ్రటి అక్షరాలు. రాసి చాలాకాలం అయినట్టు ఒక్కో మాట దగ్గర ఆగి రాసింది.

లోపలి పిడి ఆరు నెలలుగా పనిచేయడం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ మా తమ్ముడికి చెప్పలేదు. ఆ పిడి పనిచేసి ఉంటే వాడు రెండు నిమిషాల్లో బయటికి వచ్చేవాడు. నిన్న కాక మొన్న కొత్తది బిగించారు.

కింద సంతకం పెట్టింది.

సూపర్‌వైజరు ఎదురుగా నిలబడి తలకిందులుగానే చదివాడు. మొహం ఎర్రబడలేదు, పాలిపోయింది. "ఇదెందుకు ఇప్పుడు? నీ మెడకే చుట్టుకుంటుంది. తెలిసీ చెప్పలేదని నువ్వే రాసిస్తే నిన్ను వదులుతారా?"

"వదలరు సార్."

"మరి?"

అక్క తమ్ముడి నల్లబడ్డ వేళ్ళ వైపు చూసింది. "వాడు అడిగాడు," అంది.

అతను కాగితం కోసం చెయ్యి చాచాడు. డాక్టరమ్మ అంతకంటే ముందే చాచింది. "ప్రమాదం కేసు కదండీ. పోలీసులకి మేం పంపే కాగితాలతో ఇదీ పోవాలి. మీకు నకలు ఇప్పిస్తాను. సాక్షి సంతకం అయ్యాక ఇటివ్వండమ్మా."

అందరూ రేడియో వైపు తిరిగారు. ఆమె కాగితం తీసుకుని పెదాలు కదుపుతూ మొదటినుంచీ చదివింది. మళ్ళీ చదివింది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఇంతసేపు మాట్లాడకుండా ఉండగా అక్క ఆమెను చూడలేదు.

"నాకు ముగ్గురు పిల్లలున్నారే," అంది రేడియో, అక్కతో.

"నీ ఇష్టం. సాక్షి అంటే నేను సంతకం పెట్టడం చూశావని. అంతే. నీ పేరు పెట్టి ఊరుకో."

"అంతే రాయమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "పేరు చాలు."

రేడియో పెన్ను పట్టుకుని వంగింది. పేరు రాసింది. రాసి, పెన్ను ఎత్తలేదు. తర్వాత పేరు పక్కన, ఇరుకైన చోటులో, ఇంకేదో రాయడం మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నావ్?"

"ఉండండి సార్," అంది తలెత్తకుండా, "అక్షరాలు కుదురుగా రావాలి."

నాకూ, అని పడింది ముందు. అట్ట ఒక పక్కకు జారుతోంది. అక్క ముందుకు వంగి, రెండు చేతులతో దాని అంచులు గట్టిగా పట్టుకుంది.